నగరములో అద్దె యిల్లు



నగరములో ఒక పడకగది గల చిన్న యింటిని అద్దెకు తీసికొనుటను గుఱించి ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచితిని. ఊరిలో సొంత యిల్లు, వాకిలి, వేపచెట్టు గల పెద్దలకు ఈ ప్రసంగముతో ఏమి పనియని మీకు తోచవచ్చును. పని కలదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము, తర్లుపాడు, దోర్నాల, యెఱ్ఱగొండపాలెము ప్రాంతములలో బిడ్డలలో నొకరైనను హైదరాబాదుననో, బెంగుళూరుననో, చెన్నపట్టణముననో లేని కుటుంబము నేడు అరుదు. ఇల్లు వెదకువారు కొడుకులో కూతుండ్రో కావచ్చును. అడ్వాన్సు పైకము మాత్రము తఱచుగా కంది యమ్మిన సొమ్మునుండియో, మిరప యమ్మిన సొమ్మునుండియో, వడ్డీకి తెచ్చిన సొమ్మునుండియో పోవుచున్నది. పైకమిచ్చువారికి ప్రశ్న అడుగు అధికారము కలదు. ఏ ప్రశ్న అడుగవలయునో తెలిసియుండుట మంచిది.

మన సీమకు వలస క్రొత్త కాదు. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లానుండి వచ్చి అందులో చేరినవి. జిల్లా మాఱినది గాని వాన మాఱలేదు. చినుకు పడని యేట కూలిజనము మేస్త్రీల వెంట కట్టడపు పనులకు పట్టణములకు పోవుట మీరందఱు చూచినదే. నగరములోని ఆ యెత్తైన భవనముల గోడలు లేపినవారిలో మన ఊళ్లవారును కలరు. మార్కాపురపు పలకమీద అక్షరములు దిద్దిన పిల్లలు నేడు కంప్యూటరు కొలువులకు పోయి ఆ భవనములలోనే అద్దెకుండుచున్నారు.

నేను చెప్పదలచినదంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది. పొలము కౌలుకు తీసికొనుట యెఱిగినవారికి ఇల్లు అద్దెకు తీసికొనుట క్రొత్త విద్య కాదు. కంభము చెఱువు క్రింద ఎకరము మాగాణి కౌలుకు తీసికొనవలసినచో మన మేమి చేయుదుము? పొలము ఇంటికి ఎంత దూరమో చూతుము. నీరు అందునో లేదో చూతుము. గట్లు, బండలు పోగా దున్నుటకు వచ్చు నేల ఎంతయో కొలుతుము. పట్టా ఎవరి పేర నున్నదో విచారింతుము. గడువు ఎంతకాలమో, పైకము ఎప్పుడీయవలయునో, చేనిలో పంట యుండగా గడువు తీఱినచో ఏమగునో ముందుగనే మాటాడుకొందుము. ఇవన్నియు తెలిసిన పెద్దలు, నగరము పేరు వినగానే "అవి మాకు తెలియని సంగతులు, పిల్లలే చూచుకొందురు" అని వెనుకకు తగ్గుచున్నారు. తగ్గనక్కఱలేదు. ఆ ప్రశ్నలే అచ్చటను పనికివచ్చును.

మొదట ఆ యిల్లెట్టిదో చెప్పెదను. నగరవాసులు దీనిని 'సింగిల్ బెడ్‌రూమ్' అందురు. ఒక హాలు, ఒక పడకగది, వంటగది, స్నానపుగది యుండును. కొన్నిటిలో బట్టలారవేసికొనుటకు చిన్న బాల్కనీ కూడ నుండును. ఇది మూడు తీరుల దొరకును. లిఫ్టు, కావలివాడు గల పెద్ద భవనములోని ఫ్లాటు ఒకటి. యజమాని తానుండు యింటిలోనే ఒక భాగమును వేఱుచేసి యిచ్చునది రెండవది. దీనిని 'పోర్షన్' అందురు. మేడ పైకప్పు మీద కట్టినది మూడవది. దీనికి 'పెంటుహౌసు' అని పెద్ద పేరు గాని, మన వైపు రేకుల కొట్టములో వేసవి గడపినవారికి దాని సుఖము చెప్పనక్కఱలేదు. ఫ్లాటులో అద్దెకు తోడు మెయింటెనెన్సు అను నెలచందా కలదు. పోర్షనులో ఆ చందా తక్కువ, యజమాని చూపు ఎక్కువ. ఒంటరిగా నుండు ఆడపిల్లకు ఆ చూపు ఒక్కొక్కచో రక్షణ, ఒక్కొక్కచో బాధ. ఏది కావలయునో ఉండబోవువారిని అడిగి తెలిసికొనవలయును.

ఇల్లు 600 చదరపు అడుగులని చెప్పినచో ఆ కొలత ఎట్టిదని అడుగవలయును. మెట్లు, నడవలు, లిఫ్టు చోటు కూడ కలిపి చెప్పు లెక్క ఒకటి కలదు. గోడలలోపల మనము నిజముగా వాడుకొను నేలను 'కార్పెట్ ఏరియా' అందురు. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టము ఇండ్ల అమ్మకముల విషయమున ఈ మాటకు అర్థము నిర్ణయించినది. అద్దెకు తీసికొనువారికిని ఆ కొలతయే ముఖ్యము. దున్నుటకు వచ్చు నేలకే కదా కౌలు కట్టుదుము.

ఇక దూరము. మన ప్రాంతమునుండి సాగరు రోడ్డున పోవు బస్సులు హైదరాబాదులో ఎల్.బి. నగరు వైపున ప్రవేశించును. అందుచేత మనవారికి ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములమీద మక్కువ. ఊరినుండి ఎవరైనను పోయినచో తేలికగా చేరవచ్చునని తలంతురు. కాని కంప్యూటరు కొలువులలో పెక్కు మాదాపూరు, గచ్చిబౌలి దిక్కున, అనగా నగరమునకు పడమటి కొనలో నున్నవి. ఎల్.బి. నగరు నుండి మియాపూరు వరకు మెట్రో రైలు దారియే 29 కిలోమీటర్లు. మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైన పిదప ప్రయాణము కొంత సుకరమైనది. అయినను దినమునకు రెండు మూడు గంటలు దారిలోనే పోయినచో, మిగులు అద్దె సొమ్ము ఆరోగ్యమున ఖర్చగును. ఏడాదికి రెండుమారులు పోవు మన సౌకర్యమునకై దినమునకు రెండుమారులు పోవు పిల్లల కాలమును వెచ్చింపరాదు. ఇంటినుండి మెట్రో స్టేషనుకో బస్సు ఆగుచోటికో నడచిపోవుటకు ఎంతసేపగునో, రాత్రి తొమ్మిది గంటలకు ఆ దారిలో దీపములుండునో లేదో స్వయముగా నడచి చూడవలయును.

నీటి సంగతి మనకు ఎవరును నేర్పనక్కఱలేదు. ఫ్లోరైడు నీరు త్రాగి కీళ్లు పట్టుకొనిపోయిన పెద్దలు మన కనిగిరి, పొదిలి, మార్కాపురము ప్రాంతములలో కలరు. వెలిగొండ నీటికొఱకు మనము ఎన్ని యేండ్లుగా ఎదురుచూచుచున్నామో మీకు తెలియును. హైదరాబాదునకు కృష్ణా నీరు నాగార్జునసాగరునుండి ఎక్కించి తెచ్చుచున్నారు. మంజీరా, గోదావరి నీళ్లును వచ్చుచున్నవి. కాని నగరమునకు నీరు వచ్చుట వేఱు, మన కొళాయిలోనికి వచ్చుట వేఱు. మునిసిపల్ నీరు ఎన్ని దినములకొకమారు వచ్చును? బోరు నీరెట్లున్నది? వేసవిలో ట్యాంకరు తెప్పించినచో ఆ ఖర్చు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు అడిగితీఱవలయును. యజమానిని అడుగుట చాలదు, ప్రక్కవాటాలోని వారినడుగవలయును. 2024 వేసవిలో బెంగుళూరులో బోర్లు ఎండి, పెద్ద పెద్ద భవనములవారు సైతము ట్యాంకర్లకై కాచియుండిరి. ఎత్తైన మేడ చూచి నీరున్నదని నమ్మరాదు.

నీటి వెంటనే విద్యుత్తు మీటరు. వాటాకు వేఱు మీటరున్నదా యని చూడవలయును. తెలంగాణములో విద్యుత్తు ధర మెట్లు మెట్లుగా నుండును. వాడకము పెరిగినకొలది యూనిటు ధరయు పెరుగును. రెండు కుటుంబములకు ఒకే మీటరున్నచో ఇద్దఱి వాడకము కలిసి పై మెట్టు ధర పడును. తక్కువ వాడినవారును ఎక్కువ ధర కట్టవలసివచ్చును. తాళము పుచ్చుకొన్న దినముననే మీటరు అంకెను వ్రాసికొని, ఫోనుతో ఒక బొమ్మ తీసికొని యుంచవలయును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన పైకపు సంగతి. లెక్క కొఱకు నెలకు 12,000 రూపాయల అద్దె యనుకొందము. రెండు నెలల అడ్వాన్సు 24,000. మొదటి నెల అద్దె 12,000. ఇల్లు చూపిన బ్రోకరు ఒక నెల అద్దె తీసికొన్నచో 12,000. మెయింటెనెన్సు 1,500. మొత్తము 49,500 రూపాయలు. ఇందులో సామాను చేర్చు బండి ఖర్చు, గ్యాసు పొయ్యి, పరుపు చేరలేదు. అనగా పన్నెండువేల యిల్లు అని విన్నది, తాళము చేతికి వచ్చునప్పటికి ఏబదివేలు అడుగును. పదునొకండు నెలలకు లెక్కించినచో అద్దె 1,32,000, మెయింటెనెన్సు 16,500, బ్రోకరు 12,000 కలిసి 1,60,500 రూపాయలు. నెలకు సుమారు 14,600 పడినది. బేరము చేయునప్పుడు పన్నెండువేలను గాక ఈ అంకెను మనసులో నుంచుకొనవలయును. గేటుకు వ్రేలాడు 'టు-లెట్' బోర్డులు చూచుకొనుచు వీధి వీధి తిరిగినచో బ్రోకరు సొమ్ము మిగులును. తోడి ఉద్యోగుల ద్వారా తెలిసికొన్నను మిగులును.

బెంగుళూరు ఆచారము వేఱు. అచ్చట పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగు వాడుక చిరకాలముగా కలదు. బేరమాడినచో తగ్గించువారును కలరు. పన్నెండువేల యింటికి పది నెలలనిన 1,20,000 రూపాయలు. ఇది తిరిగి వచ్చు సొమ్మే గదా యని తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి యిచ్చెననుకొనుడు. నెలకు 2,400 రూపాయలు వడ్డీ. కొడుకు అచ్చట పన్నెండువేలు కట్టుచుండ, తండ్రి ఇచ్చట రెండువేల నాలుగువందలు కట్టుచున్నాడు. ఆ యింటి నిజమైన అద్దె 14,400. కొడుకునకు ఈ రెండవ అద్దె కనబడదు. తండ్రి చెప్పడు. చెప్పవలయునని నా మనవి. చెప్పినచో ఆ పిల్లవాడు మఱియొకనితో కలసియుండుటయో, అడ్వాన్సు తక్కువ గల యిల్లు వెదకుటయో చేయును.

ఇల్లు కన్నులార చూడక ఒక్క రూపాయియు పంపరాదు. ఇంటర్నెట్టులో అందమైన బొమ్మలు పెట్టి, తాను సైనికాధికారిననియు, దూరమున నున్నాననియు చెప్పి, ముందుగా కొంత సొమ్ము వేసినచో ఇల్లు నిలిపియుంచెదనని నమ్మించి మాయమగు మోసగాండ్రు కలరు. అట్లు మోసపోయినచో సిగ్గుపడక వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలయును. సైబరు నేరములపై ఫిర్యాదులకు దేశమంతటికి ఏర్పఱచిన నంబరది. ఇంటిని చూపువాడు నిజమైన యజమానియా, అద్దెకుండి మరల అద్దెకిచ్చుచున్నవాడా అనునది ఆస్తిపన్ను రసీదు, విద్యుత్తు బిల్లు చూచి తెలిసికొనవలయును. పట్టాదారు పాసుపుస్తకము చూడక కౌలు పైకము ఈయము గదా. మన ఆధారు నకలు అడిగినచో, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు నకలు నీయవచ్చును. అట్టి నకలును ఆధారు సంస్థయే ఇచ్చుచున్నది.

ఇప్పుడు కాగితము సంగతి. అద్దె ఒప్పందములన్నియు పదునొకండు నెలలకే ఏల వ్రాయుదురని చాలమంది అడుగుచుందురు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఇందుకు కారణములు. ఒక సంవత్సరమునకు మించిన గడువుతో స్థిరాస్తిని లీజుకిచ్చినచో ఆ పత్రమును రిజిస్టరు చేయింపవలయును. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకొనుటకు పదునొకండు నెలలు వ్రాసికొని, మరల మరల క్రొత్త కాగితము వ్రాసికొనుచున్నారు. మూడేండ్లకని వ్రాసికొని రిజిస్టరు చేయింపనిచో, ఆ కాగితములోని షరతులకు కోర్టులో బలము లేదు. మన రాష్ట్రమున 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టమునందును కౌలుదారునకు పదునొకండు నెలల ఒప్పందమే పెట్టిరి. పొలమునకును ఇంటికిని ఒకే గడువు కుదిరినది.

అద్దెదారులను కాపాడు చట్టము లేదా యని మీరడుగవచ్చును. కలదు, కాని దాని నీడ చిన్నది. యుద్ధకాలమున ఇండ్ల కొఱత యేర్పడి అద్దెలు విపరీతముగా పెరుగగా ప్రభుత్వములు అద్దెలను అదుపులో పెట్టినవి. పిదప ఆంధ్రప్రాంతమునకు మద్రాసు ప్రభుత్వపు 1949 చట్టము, హైదరాబాదు ప్రాంతమునకు 1954 చట్టము ఉండెను. 1960లో ఈ రెండింటి స్థానమున ఒకే చట్టము వచ్చినది. చెప్పిన కారణములు లేక అద్దెదారును వెడలగొట్టరాదని ఆ చట్టము కట్టడిచేసినది. కాని 2005లో చేసిన సవరణ ప్రకారము, నగరపాలక సంస్థల హద్దులో నెల అద్దె 3,500 రూపాయలకు మించిన కట్టడములు దాని క్రిందికి రావు. నేడు హైదరాబాదులో ఆ ధరకు సింగిల్ బెడ్‌రూమ్ ఎచ్చట దొరకును? కావున మన పిల్లలు తీసికొను ఇండ్లు దాదాపుగా అన్నియు ఆ నీడకు వెలుపలనే యున్నవి. 2021లో కేంద్రప్రభుత్వము ఒక నమూనా చట్టమును ఆమోదించి, నివాసపు టిండ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని అందులో సూచించినది. అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రము దానిని తన చట్టముగా చేసికొన్నచో అచ్చటనే అది చెల్లును.

అందుచేత మన పిల్లలకు అసలు రక్ష వారు సంతకము చేయు రెండు మూడు పుటల కాగితమే. ఆ కాగితములో ఈ సంగతులుండవలయును. అద్దె ఎంత, ఏ తేదీలోపల కట్టవలయును? అడ్వాన్సు ఎంత, ఇల్లు విడిచిన ఎన్ని దినములకు తిరిగి యిచ్చెదరు? ఏయే కారణములకు అందులో కోత పెట్టుదురు? ఖాళీ చేయుటకు ఇరువైపుల ఎన్ని దినముల ముందు తెలుపవలయును? పదునొకండు నెలలు కాకముందే ఉద్యోగము మాఱినచో ఏమగును? మెయింటెనెన్సు, నీరు, మరమ్మతు ఎవరివి? గడువు తీఱిన పిదప అద్దె నూటికి ఎంత పెంచెదరు? తెలుపు గడువును గుఱించి ఏమియు వ్రాసికొనకున్నచో, నెలనెల అద్దెకు చట్టము చెప్పునది పదునైదు దినములు మాత్రమే. పదునైదు దినములలో నగరమున మఱియొక యిల్లు వెదకుట సామాన్యము కాదు. ఒక నెలయో రెండు నెలలో వ్రాయించుకొనుట మేలు. అద్దెను బ్యాంకు ద్వారా పంపినచో చెల్లించినట్లు గుఱుతుండును. చేతికిచ్చినచో రసీదు పుచ్చుకొనవలయును.

ఊరిలో మాట చాలును గదా, నగరములో ఇంత కాగితమేలయని కొందఱందురు. నగరవాసులు అబద్ధీకులని నా భావము కాదు. ఊరిలో మాట తప్పినవాడు మరునాడు రచ్చబండ ప్రక్కనుండియే పోవలయును, పదిమంది ముఖములు చూడవలయును. ఆ సిగ్గే ఊరి కాగితము. నగరములో ఇల్లు విడిచిన మరునాడు యజమాని ముఖము మనకు కనబడదు, మన ముఖము ఆయనకు కనబడదు. అట్టి చోట కాగితము మంచివారిద్దఱికిని మేలు చేయును.

దీనికి నేను చూచిన నిదర్శనము చెప్పెదను. నా కుమార్తె హైదరాబాదులో ఉద్యోగమునకు చేరినప్పుడు ఒక పోర్షను తీసికొంటిమి. చేరిన దినముననే గోడలు, తలుపులు, కొళాయిలు, స్నానపుగది పెచ్చులతో సహా బొమ్మలు తీసి, ఏ వస్తువు ఏ స్థితిలో నున్నదో ఒక కాగితముమీద వ్రాసి యజమానిచేత సంతకము చేయించితిమి. ఆయన నవ్వి, "ఇంత జాగ్రత్త యేలండీ" యనెను. రెండేండ్ల పిదప ఇల్లు విడుచునప్పుడు గోడల రంగు వెలిసినదని చెప్పి అడ్వాన్సులో సగము కోసెను. నా కుమార్తె వాదులాడలేదు. ఆ కాగితమును, బొమ్మలను ఆయన ముందుంచి, "చేరునాటికే హాలు గోడ పెచ్చులూడియున్నదండీ, మీరే సంతకము చేసితిరి. వాడుకచేత కలుగు సహజమైన అరుగుదల అద్దెదారుని బాధ్యత కాదని చట్టమున నున్నదండీ" అని చెప్పెను. ఆ మాట 1882 చట్టములో నున్నది నిజమే. ఒప్పందములో వేఱుగా వ్రాసికొననిచో అది వర్తించును. యజమాని తన కొడుకును పిలిచి సంప్రదించి, తాళపుచెవి ఒకటి పోయినందుకు మాత్రము మినహాయించి, తక్కిన సొమ్మిచ్చెను. వారిద్దఱు మర్యాదగనే విడిపోయిరి. కాగితము లేకున్నచో ఆ మర్యాద మిగిలియుండునా?

ఇక చట్టము అందని ఒక చోటు కలదు. ఆ యిల్లు దొరకుటకు ముందు మేము మూడు దినములు వెదకితిమి. బోర్డు చూచి గేటు తట్టినచో అద్దె మాట రాకమునుపే ఇతర ప్రశ్నలు వచ్చెడివి. "పిల్ల ఒక్కతేనా? పెండ్లి కాలేదా?" "మాంసము వండుదురా?" "ఎవరైనను వచ్చి పోవుచుందురా?" చివరకు, కొంత మెల్లగా, "మీరేమిట్లు?" ఒక చోట ఉదయము ఖాళీగా నున్న వాటా, మా సమాధానము వినగానే సాయంకాలమునకు ఎవరికో మాటయిచ్చినదైనది. తిరిగివచ్చు దారిలో నా కుమార్తె, "నాయనా, ఆఫీసులో నన్నెవరును ఈ ప్రశ్న అడుగలేదు" అనెను. నేనేమియు పలుకలేకపోతిని. జీతము చూచి, నడవడి విచారించి ఇల్లీయవచ్చును. పుట్టుకను విచారించి ఈయకుండుట ఏ లెక్కలోనిది? మతము వేఱైన పిల్లలకు, పెండ్లి కాని పిల్లలకు, మన దళితుల పిల్లలకు నగరములో సింగిల్ బెడ్‌రూమ్ వెదకుట ఇతరులకంటె రెండింతల పని. ఒక్కొక్కరు పేరు మాఱ్చి చెప్పుకొని తలదాచుకొనుచున్నారు.

నగరపు యజమానులను నిందించి ఇక్కడ ముగించినచో న్యాయము కాదు. మార్కాపురములో, గిద్దలూరులో మేడమీద రెండు గదులు కట్టి అద్దెకిచ్చినవారు ఈ మాట వినుచున్నవారిలో లేరా? ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగియో, చదువుకొను పిల్లయో వచ్చి గేటు తట్టినప్పుడు మొదట మన మడుగు ప్రశ్న ఏది? హైదరాబాదులో మన బిడ్డను ఏ ప్రశ్న అడిగినచో మనసు చివుక్కుమనునో, ఆ ప్రశ్నను మన వాకిటిలో మనమును అడుగరాదు. దీనిని ఏ చట్టమును మనకొఱకు చేయనక్కఱలేదు, ఈ సాయంకాలమునుండియే మనము చేయవచ్చును.

చివరగా మఱియొకటి. మనలో అద్దె యింటిని చిన్నచూపు చూచు గుణము కలదు. "ఇంత చదువు చదివి అద్దె కొంపలో నున్నాడా" అందుము. చుట్టములు వచ్చినచో పండుకొనుటకు చోటు లేదని నొచ్చుకొందుము. ఆ మాటలు విని పిల్లలు తమ జీతమునకు మించిన రెండు పడకగదుల యిల్లు తీసికొనుటయో, అప్పుచేసి ఫ్లాటు కొనుటకు తొందరపడుటయో జరుగుచున్నది. పొలము లేనివాడు కౌలు చేసినచో మనము తక్కువ చేయము. కష్టపడుచున్నాడందుము. అద్దె యింటిలో నున్నవాడును తన కష్టము తాను చేసికొనుచున్నాడు. ఆ చిన్న హాలులో చాప పఱచుకొని ఒక రాత్రి పండుకొనుటకు మనకు కష్టమేమియు లేదు. ఒంటిగది యింట నెమ్మదిగా నుండి నెలకు కొంత మిగుల్చుకొనుట, పెద్ద యింట నుండి నెలనెల తండ్రికి ఫోను చేసి అడుగుటకంటె మేలు.

కావున మీ బిడ్డలు ఇల్లు వెదకుచున్నామని చెప్పినప్పుడు, "ఎంత పంపవలయును" అని మాత్రమే అడిగి ఊరకుండవలదు. నీరెట్లున్నదని అడుగుడు. కొలువునకు ఎంత దూరమని అడుగుడు. కాగితములో ఏమి వ్రాసిరో ఫోనులో చదివి వినిపింపుమని అడుగుడు. వీలైనచో అడ్వాన్సు ఇచ్చుటకు ముందొకమారు బస్సెక్కి పోయి, కౌలు పొలము చూచినట్లు ఆ గోడలు, కొళాయిలు, వీధి చూచి రండు. కౌలు వ్యవహారములలో మీరు నేర్చిన నేర్పు వారికి ఏ కళాశాలలోను దొరకలేదు. దానిని వారికి పంచియిచ్చుట పైకము పంపుటకంటె తక్కువ సాయము కాదు.